చెరువులో పట్టిన దేశీ చేపను అక్వేరియంలో పెంచితే కేసు అవుతుందా?

మామూలు రకమైతే పెంచుకున్నందుకు కేసు కాదు, ఆ జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలో (రక్షణ ఉన్న జాతుల జాబితాల్లో) ఉంటేనో, పట్టిన చోటు అభయారణ్యమైతేనో చిక్కు వస్తుంది. ఎందుకంటే ఆ చట్టం దేశీ చేపలన్నిటినీ ఒకే గాటన కట్టదు, ఏ జాతి, ఎక్కడ పట్టారు అన్నదే చూస్తుంది.

కొర్రమట్టనే తీసుకోండి (తెలంగాణ రాష్ట్ర చేప అదే, అయినా వరంగల్ మార్కెట్లో దర్జాగా అమ్ముతారు). ఊరి చెరువుదైతే వన్యప్రాణి చట్టంతో పని లేదు, కాకపోతే ఆ చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిదైతే వాళ్లను అడగాలి. అదే చేపను ఏటూరునాగారం అభయారణ్యంలోని వాగులో అనుమతి లేకుండా పడితే మాత్రం తప్పే.

చాలామంది పొరబడేది ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ (ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే అంతర్జాతీయ జాబితా) దగ్గర. అందులో పేరు కనపడగానే నిషేధం అనుకుని టెన్షన్ పడతారు. అది శాస్త్రవేత్తల అంచనా, చట్టం కాదు. అలాగని షాపులో దొరికేదల్లా చట్టబద్ధమనీ కాదు: ఆసియా అరోవానా అనే విదేశీ అక్వేరియం చేప సైట్స్ (CITES, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి, ఫారంలో పుట్టినదైనా కాగితాలు ఉండాలి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. హాబీ వాళ్లు గొణిగేది ఇక్కడే, ట్యాంకులో పుట్టినదానికీ ఇంత తతంగమా అని. ఆ గొణుగుడులో న్యాయం లేకపోలేదు, కానీ నదిలో పట్టిన పిల్లనూ ఫారం పిల్లనూ పక్కపక్కన పెడితే చూసి తేడా చెప్పడం కష్టం.