చీనీ తోట చేపట్టిన అమ్మాయికి పెద్దనాయన లేఖ

చిరంజీవి అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

బెంగళూరు ఉద్యోగం మాని, మీ నాన్న పెంచిన ఐదెకరాల చీనీ తోటను ఇకపై నువ్వే చూసుకోవాలని నిర్ణయించుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఫోన్‌తో నడిచే డ్రిప్పు పరికరాల్లో ఏది కొనాలో చెప్పమని అడిగావు. నీ చెట్టుకు ఎన్ని నీళ్ళు కావాలో నీకు తెలియనంత వరకు ఏ పరికరమూ దానిని నీకు చెప్పలేదు కనుక, ముందుగా ఆ లెక్క నేర్చుకోమని నా కోరిక.

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. బోరు నీరే ఆధారమైన ఇటువంటి చోట కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆడించడం అలవాటైపోయింది. చెట్టు అవసరాన్ని లెక్కగట్టడం నువ్వు అనుకున్నంత కష్టం కాదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. నీరు ఎంత ఆవిరవుతుందో కొలవడానికి ఆరుబయట ఒక పళ్ళెంలో నీరు పెడతారు. ఎండాకాలంలో ఒక రోజు ఆ పళ్ళెంలో 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైందనుకో; పళ్ళెం లెక్కను పంట లెక్కకు సరిచేసే పళ్ళెం గుణకం 0.7తోను, చీనీ చెట్టు వాడే పాలును చెప్పే పంట గుణకం 0.7తోను దానిని గుణిస్తే సుమారు 3.9 మిల్లీమీటర్లు వస్తుంది. కొమ్మలు అడ్డంగా 4 మీటర్లు పరుచుకున్న చెట్టు నీడ 12.6 చదరపు మీటర్లు కనుక, ఆ రోజు ఆ చెట్టుకు కావలసినది దాదాపు 49 లీటర్లు. గంటకు 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు నాలుగు ఉంటే గంటన్నర చాలు. చలికాలంలో ఆవిరి తగ్గుతుంది కనుక ఈ సమయమూ తగ్గాలి. ఆవిరి వివరాల కోసం రేకులకుంట వ్యవసాయ పరిశోధనా స్థానం వారిని అడుగు.

అయితే 8 లీటర్ల డ్రిప్పరు నిజంగా 8 లీటర్లు ఇస్తున్నదా? వరుస మొదట్లో ఒకదాని కింద, చివర ఒకదాని కింద గిన్నెలు పెట్టి పావుగంట చూడు. రెండింటిలోనూ రెండేసి లీటర్లు రావాలి. చివర తక్కువ వస్తే పైపుల్లో మట్టో, ఉప్పో పేరుకున్నట్లు. ఇసుక ఫిల్టరును వెనక్కి నీరు పారించి కడగడం, జాలీ ఫిల్టరు విప్పి శుభ్రం చేయడం, చెట్ల వరుసల వెంట సాగే సన్నని లాటరల్ పైపుల చివరలు విప్పి మురికి నీరు వదలడం ఎవరో ఒకరు తప్పక చేయవలసిన పనులు. తెల్లటి పొర కడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేయించాలి. నీటిలోనే ఆమ్లం పోయాలి గాని, ఆమ్లంలో నీరు ఎన్నడూ పోయకూడదు.

నేల తేమ కొలిచే సాధనాలలో టెన్సియోమీటరునే నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే దానికి కరెంటూ, సిగ్నలూ అక్కర్లేదు. చెట్టు వేరు నీటిని ఎంత బలంగా లాగవలసి వస్తున్నదో దాని ముల్లు నేరుగా చూపుతుంది. ఒకటి అడుగు లోతులో, మరొకటి రెండడుగుల లోతులో, డ్రిప్పరుకు అడుగు దూరంగా, కొమ్మల నీడలో పాతించు. పైది ఎప్పుడు నీరు పెట్టాలో చెబుతుంది. కిందిది ఎప్పుడూ సున్నా దగ్గరే, అంటే నేల బాగా తడిగానే, ఉంటే నీరు వేర్లను దాటి కిందికి పోతున్నదనీ, నువ్వు వేసిన యూరియా కూడా దానితోపాటే పోతున్నదనీ గ్రహించు. ఫోన్‌తో మోటారు నడిపే సిమ్ కార్డు స్టార్టరు తరువాతి మాట. కొంటే మాత్రం బోరులో నీరు తగ్గగానే మోటారు తనంతట తానే ఆగే ఏర్పాటు ఉన్నదానినే కొను.

డ్రిప్పర్లను మొదలు దగ్గర వదిలేయవద్దు. ఆహారం తీసుకునే సన్నని వేర్లు ఎక్కువగా కొమ్మల అంచు కింద, పై రెండడుగుల నేలలోనే ఉంటాయి కనుక, చెట్టు పెరిగేకొద్దీ పైపులను బయటికి జరుపుతూ పోవాలి. మొదలును నీరు ఎప్పుడూ తడుపుతూ ఉంటే బంక తెగులు, వేరుకుళ్ళు వస్తాయి; వానలకు ముందూ తరువాతా మొదలుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయించు. చచ్చిపోయిన చెట్ల స్థానంలో రంగపూర్ నిమ్మపై కట్టిన సాతుగుడి రకం చీనీ అంట్లు నాటడం మేలు.

బెట్ట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బెట్ట అంటే, పూత కోసం మనం కావాలనే చెట్టుకు కొన్నాళ్ళు నీరు ఆపడం. నేల ఎండిందని పరికరం తనంతట తానే మోటారు వేస్తే ఆ బెట్ట చెడి, పూత ఒకేసారి రాక, కాయ కోత నెలల తరబడి సాగుతుంది. కనుక బెట్ట రోజుల్లో ఆటోమేటిక్ ఏర్పాటును పూర్తిగా ఆపివేయి. మన తేలిక ఎర్ర నేలల్లో మూడు నాలుగు వారాలకే ఆకు వాడిపోవడం మొదలవుతుంది. అంతకు మించి చెట్టును పరీక్షించవద్దు. తిరిగి నీరు పెట్టేటప్పుడు మొదటి తడి తేలికగా ఇచ్చి క్రమంగా పెంచాలి. బలహీనమైన చెట్లను బెట్టకు వదలనే వద్దు.

బోరు తగ్గిపోయే ఏడాది తప్పక వస్తుంది. ఆ ఏడు పంటను వదులుకుని చెట్టును కాపాడుకోవాలి. ఒక పంట పోతే మరుసటి ఏడు వస్తుంది; చెట్టు పోతే మళ్ళీ కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. కాయలు రాల్చి, ఎండు కొమ్మలు తీసివేసి, ఉన్న నీటిని రాత్రిపూట ఇచ్చి, పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిపించు. ఆ పొట్టు మొదలుకు తగలకుండా అడుగు దూరం ఉంచు. చెదలు కనిపిస్తే ఆలస్యం చేయకు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆకుల మీద కెయోలిన్ అనే తెల్లమట్టి ద్రావణం చల్లిస్తే నీరు ఆవిరై పోవడం కొంత తగ్గుతుంది. ఇంకో బోరు వేయిద్దామని ఎవరు చెప్పినా అంగీకరించవద్దు. ఆ డబ్బుతో పల్లం వైపు సేద్యపు కుంట తవ్వించి, ఉన్న బోరు పక్కన రాళ్ళు, కంకర, ఇసుక పొరలతో ఇంకుడు గుంత కట్టించు. బురద నీరు నేరుగా బోరు గొట్టం (కేసింగు)లోకి దిగకుండా చూడాలి.

ప్రస్తుతానికి బోరు నీటిని పరీక్షకు పంపించి, ఉప్పు, సున్నం ఎంత ఉన్నాయో ఫలితం రాగానే నాకు తెలియజేయి. ఏ ఫిల్టరు కావాలో దానిని బట్టి నిర్ణయించుకుందాం. డ్రిప్పు రాయితీ కోసం పొలం పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఈ వారమే దరఖాస్తు పెట్టు.

ఇట్లు,
నీ పెద్దనాయన