బట్టలు ఉతికినా వాసన పోకపోతే ముందు మెషీన్ చూడండి

ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉన్న బట్టలు, వేసుకున్నాక కాస్త చెమట పట్టగానే ముక్కిపోయిన వాసన వస్తున్నాయనీ, సబ్బుపొడి పెంచినా లాభం లేదనీ రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇలాగే ఉండేది. ఆ పెంచిన పొడే సగం కారణం కావచ్చు. నీళ్లలో పూర్తిగా కరిగి పోకుండా మిగిలిన సబ్బు, బట్టల నుంచి వచ్చిన జిడ్డు, నూగు కలిసి డ్రమ్ము వెనక, గొట్టాల్లో జిగురులా పేరుకుంటాయి. బ్యాక్టీరియాకు అదే తిండి. ఈ వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. అది ఎండినా చావదు, తడి తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది. మీ బట్టలు ఆరినప్పుడు బాగుండి, చెమటకు కంపు కొట్టేది అందుకే.

ముందు తలుపు ఉన్న మెషీన్ అయితే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత వేలితో విప్పి చూడండి. మా దాంట్లో కింది వైపు మడతలో నీళ్లు నిలిచి, వెంట్రుకలు, నూగు కలిసి బూడిదరంగు ముద్దలా ఉండేది. వాసన అంతా అక్కడే. ఇప్పుడు ఆఖరి ఉతుకు అవగానే పొడిగుడ్డతో తుడిచి, తలుపు, పొడి వేసే ట్రే రెండూ తెరిచే ఉంచుతాను. (ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం తలుపు మీద ఓ కన్నేసి ఉంచాలి.) ట్రేను పూర్తిగా బయటికి లాగి, అది కూర్చునే గూడు పైకప్పు కూడా బ్రష్‌తో రుద్దండి. అక్కడ నల్ల బూజు పడుతుందని చాలామందికి తెలియదు. కింద చిన్న మూత వెనక ఫిల్టర్ ఉంటే ప్లగ్ తీసేసి, వెడల్పాటి పళ్లెం పెట్టుకుని విప్పండి, నీళ్లు కారతాయి.

తర్వాత బట్టలేవీ వేయకుండా 60 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ వేడి మీద ఒకసారి తిప్పండి. ఎప్పుడూ చల్లనీళ్లతో ఉతికే ఇళ్లలో ఇది అప్పుడప్పుడూ తప్పనిసరి. ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను: మెషీన్ శుభ్రానికని బ్లీచ్, వెనిగర్ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రమాదం. వెనిగర్ ఒక్కటే అయినా మాటిమాటికీ వాడితే రబ్బరు పాడవుతుంది.

పొడి ప్యాకెట్ మీద రాసినంతే, బట్టలు తక్కువైతే ఇంకా తగ్గించి వేయండి. తువ్వాళ్లకూ ఆటల బట్టలకూ సాఫ్ట్‌నర్ మానేయండి. అది నూలు మీద పొరలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు. పాలిస్టర్ ఎలాగూ ఒంటి జిడ్డును వదలదు, సాఫ్ట్‌నర్ తోడైతే ఇక టెన్షనే.

ఉతకడం అయ్యాక తడిబట్టలు డ్రమ్ములో వదిలేయకండి. ఆరేసేటప్పుడు ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉంచి, గదిలో అయితే ఫ్యాన్ గాలి తగిలేలా వేయండి. నా లెక్కలో ఎండ కన్నా గాలే ముఖ్యం, ఎంత త్వరగా ఆరితే అంత మంచిది.

ఇప్పటికే వాసన పట్టిన తువ్వాళ్లను ఆక్సిజన్ బ్లీచ్ (క్లోరిన్ లేని రకం) కలిపిన వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి ఉతకండి. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం ఇది వద్దు. ఇంత చేసినా ఖాళీ మెషీన్‌లోంచి మురుగు కంపు వస్తుంటే, నీళ్లు బయటికి పోయే గొట్టం కాలువ పైపులోకి మరీ లోతుగా దూరిందేమో చూడండి.