డిసెంబరులో విజయవాడ నుంచి వచ్చే అమ్మానాన్నల్ని, ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న ఎర్రకొండ ఉలూరుకి అద్దె కారులో తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు గానీ, డిసెంబరులో నేనైతే వెళ్ళను. "విజయవాడ వాళ్ళం, రోళ్ళు పగిలే రోహిణి కార్తె చూసినవాళ్ళం, ఎండ మాకు లెక్కా?" అని రాశారు. మా నాన్న కూడా అచ్చం ఇదే మాటన్నారు. ఎండ అదే కావచ్చు, కానీ అక్కడ చెట్టునీడ ఉండదు, దారిలో కొబ్బరిబోండాల బండీ ఉండదు. పైగా ఆ రోజు ఉష్ణోగ్రత 36 డిగ్రీలు దాటుతుందని సూచన ఉంటే ఉలూరుకి దగ్గర్లోని గుండ్రాతి కొండల గుంపు కటా జూటాలో వ్యాలీ ఆఫ్ ది విండ్స్ నడకదారిలో చాలా భాగం ఉదయం 11కే మూసేస్తారు. అటువైపే ఉన్న లోతైన లోయ కింగ్స్ క్యాన్యన్ అంచు మీది నడకైతే అలాంటి రోజున 9 లోపే మొదలుపెట్టాలి. అంత దూరం వెళ్ళి గదిలో ఏసీ కింద కూర్చోవడం దేనికి? డిసెంబరులో వాళ్ళకి చల్లగా ఉండే టాస్మానియా దీవి చూపించండి. మే నుంచి సెప్టెంబరు లోపు ఇంకోసారి వచ్చినప్పుడు ఇటు రండి. అప్పుడు మాత్రం స్వెటర్లు మరవద్దు, రాత్రిళ్ళు సున్నాకి దిగిపోతుంది.

ఇక దారి సంగతి. మీరు విమానం దిగే ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి స్టువర్ట్ హైవే మీద 200 కిలోమీటర్లు దక్షిణానికి వస్తే ఎర్ల్‌డండా, పెట్రోలు బంకున్న మజిలీ. అక్కడ కుడివైపు తిరిగితే ఉలూరు పక్కనున్న యులారాకి ఇంకో 250 దాకా ఉంటుంది. రోడ్డు తారురోడ్డే, మామూలు కారు చాలు. ఎర్ల్‌డండాలో ట్యాంకు నింపేయండి, ఖరీదెక్కువని ముందుకెళ్ళకండి. దారిలో ఎడమవైపు బల్లపరుపుగా ఓ పెద్ద ఎర్రకొండ కనిపిస్తుంది. అందరూ "అదిగో ఉలూరు" అని కారాపేస్తారు. కాదు, అది మౌంట్ కానర్ అనే వేరే కొండ!

మీ ప్లాన్‌లో నాకు అసలు నచ్చనిది "రాత్రికి యులారా చేరతాం" అన్న లైను. పొద్దుగూకాక కంగారూలు, కంచెల్లేని పొలాల పశువులు, ఒక్కోసారి ఒంటెలు కూడా రోడ్డెక్కుతాయి. చాలా అద్దె ఒప్పందాల్లో ఊరి బయట రాత్రిపూట నడిపితే బీమా వర్తించదని చిన్న అక్షరాల్లో రాసుంటుంది. జూన్, జూలైల్లో సాయంత్రం ఆరు దాటితే చీకటే. కాబట్టి విమానం మధ్యాహ్నం దిగితే ఆ రాత్రి ఆలిస్‌లోనే పడుకుని, పొద్దున్నే బయల్దేరండి. రోడ్ ట్రెయిన్లని మూడు నాలుగు ట్రెయిలర్ల లారీలుంటాయి, 50 మీటర్లు దాటిన పొడవు. ఎదురొచ్చి దాటేటప్పుడు గాలికి కారు ఒక్కసారి పక్కకి ఊగుతుంది. స్టీరింగు గట్టిగా పట్టుకోండి, ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురుగా చాలా దూరం ఖాళీ కనబడాలి.

కింగ్స్ క్యాన్యన్ నుంచి ఆలిస్‌కి వెళ్ళే మెరీనీ దారిలో తిరుగుప్రయాణం మానుకోండి. అందులో మట్టిరోడ్డుంది, పర్మిట్ కావాలి, అద్దె కంపెనీలు చాలావరకు తమ కార్లని అటు పోనివ్వవు. కింగ్స్ క్యాన్యన్‌కి తారురోడ్డు మీదే వెళ్ళి, అదే దారిన రండి.

పెద్దవాళ్ళకి ఉలూరు చుట్టూ 10 కిలోమీటర్ల నడక అక్కర్లేదు. కొండ పాదం దగ్గరి చిన్న నడకలు, మాలా నడక, ముటిట్జులు నీటిగుంట చాలు, రెండూ చదునే. కొండెక్కడం 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా ఆపేశారు. కొన్నిచోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, ఆ కొండ అక్కడి అనంగు ప్రజలకి పవిత్రం, కాబట్టి ఫోన్ జేబులో పెట్టేయండి. కింగ్స్ క్యాన్యన్ అంచు నడక మొదట్లోనే నిట్టనిలువు మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులుంటే కింద వాగు వెంట నడవనివ్వండి, మెట్లు మీరెక్కండి.

ఈగలు! కళ్ళలో, ముక్కులో దూరతాయి. తలకి తొడిగే వల ఆలిస్‌లోనే కొనండి. మా అమ్మ "అదేం వేషం" అని వద్దని, ఫొటోలన్నిట్లో ముఖం మీద పైటకొంగుతోనే ఉంది.

నీళ్ళ క్యాన్లు డిక్కీలో ఉంచండి, ఎక్కువైనా పర్లేదు. చాలాచోట్ల సిగ్నలుండదు, ఉన్నచోటల్లా నయం టెల్‌స్ట్రా సిమ్మే, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కారు ఆగిపోతే మాత్రం సాయం కోసం నడుచుకుంటూ పోకండి. కారు దగ్గరే, దాని నీడలోనే ఉండండి. కారైతే వెతికేవాళ్ళకి కనిపిస్తుంది. యులారాలో గది మాత్రం టికెట్ల కంటే ముందే బుక్ చేయండి, అక్కడ ఉండే చోట్లు దాదాపు అన్నీ ఆ ఒక్క రిసార్టువే.