స్లిప్పులో 177 రూపాయలు

అమ్మలూ,

ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. జీతం 23,500 కాబట్టి నీకు ఈఎస్ఐ, అదే ఉద్యోగులకుండే ప్రభుత్వ వైద్య బీమా, రాదని, లిమిట్ 21,000 అని హెచ్ఆర్ వాళ్లు అన్నారట. అది చెవులు బాగా వినబడేవాళ్ల లెక్క తల్లీ. దివ్యాంగులకు 25,000 దాకా ఉంది, అదీ 2008 నుంచి.

నా సంగతే చూడు. నాది పోలియో కాలు, చేసేది టైమాఫీసులో గుమాస్తా పని. 2009లో జీతం పదివేలు దాటగానే, అప్పటి లిమిట్ అదే కాబట్టి, ఈఎస్ఐ లిస్టులోంచి నా పేరు నా చేత్తోనే కొట్టేశాను. నాకు వేరే లిమిట్ ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే మీ పెద్దమ్మకు పిత్తాశయం ఆపరేషన్. ఆమె గాజులు తాకట్టు కొట్టుకు వెళ్లాయి.

నువ్వు నోటితో వాదించకు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు జతచేసి, దివ్యాంగుల పరిమితి ప్రకారం నమోదు చేయమని మెయిల్ పెట్టు. బతిమాలుతున్నట్టు మాత్రం రాయకు. నీ జీతంలో నెలకు ఈఎస్ఐకి పోయేది 177 రూపాయలు. కంపెనీ వాటా 764, వాళ్ల గొణుగుడంతా దానికే. దివ్యాంగుల విషయంలో ఆ వాటాను కొన్నేళ్లు కేంద్రమే భరించే పథకం ఉందని మెల్లగా చెవిన వెయ్యి.

కంపెనీ తరఫున ఆరోగ్య బీమా పాలసీ ఇస్తున్నాం కదా అంటారు. ఇవ్వనీ. అమ్మ నెలనెలా మింగే బీపీ మాత్రలకు ఆ పాలసీల్లో మామూలుగా పైసా రాదు. ఈఎస్ఐలో మీ అమ్మ నీమీద ఆధారపడిందని చూపిస్తే ఆమెకూ వైద్యం ఉంటుంది. నీ వినికిడి మెషీను సంగతి కూడా అక్కడే అడుగు.

డిస్పెన్సరీలో క్యూ తప్పదు, ఒక్కోసారి మందులూ ఉండవు. పేరు పిలిస్తే నీకు వినబడదు కదా, కిటికీకి ఎదురుగా కూర్చుని, కాంపౌండరుకు ముందే చెప్పి పెట్టు. నేను ఒకసారి కుంటుకుంటూ వెళ్లేలోగా నా నంబరు దాటిపోయింది.

ఇంకో మాట. జూన్‌లో ఇంక్రిమెంటు వచ్చి 25,000 దాటినా సెప్టెంబరు ఆఖరు దాకా ఈఎస్ఐ కోత ఆపకూడదు. అలా కడితే మరుసటి ఏడాది జూన్ వరకు వైద్యం అందుతుంది. ఆపేస్తే వెంటనే నాకు చెప్పు.

ఈ నెల స్లిప్పు రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. కళ్లజోడు పెట్టుకుని నేనే చూస్తాను.

మీ పెదనాన్న