మోకాళ్ళ నొప్పులతో ద్వీపం మీది కోట చూడగలనా?

ప్రశ్న: మా అబ్బాయి ఫిన్లండ్‌లో, హెల్సింకీలో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో వెళ్తున్నాం. అక్కడ సముద్రంలో సువోమెన్‌లిన్నా అనే కోట చూపిస్తానంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే టెన్షన్. మా వారేమో "బాగుచేసిన కోటలో చూడ్డానికేముంది, అంతా కొత్త సిమెంటేగా" అంటున్నారు. వెళ్ళమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. గోల్కొండలా ఎక్కే పని లేదు. మార్కెట్ స్క్వేర్ రేవులో పడవెక్కితే పావుగంటలో దిగుతారు. సిటీ ట్రామ్ టికెట్టే అందులోనూ చెల్లుతుంది. మ్యూజియంలకు తప్ప కోటకు టికెట్ లేదు.

మీ మోకాళ్ళను ఇబ్బంది పెట్టేది రాళ్ళు పరిచిన దారులు. చెప్పులు వద్దు, మెత్తటి బూట్లు వేసుకోండి. జూన్‌లోనూ గాలి చలిగా ఉంటుంది, స్వెట్టర్ మరవద్దు. బురుజుల అంచున చాలాచోట్ల కమ్మీలు ఉండవు, దూరంగా నిలబడండి.

ఇక మీ వారి మాట. పాడైన కోటల్ని చూసి బాధపడేవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతాను: ఇక్కడ బాగుచేసింది చూసిపోయే వాళ్ళ కోసం మాత్రమే కాదు. రష్యా భయంతో 1748లో స్వీడన్ వాళ్ళు ఈ కోట మొదలుపెట్టారు. 1808లో అది రష్యాకే లొంగిపోయింది. 1918లో ఫిన్లండ్ సొంతమైంది. 1991లో యునెస్కో జాబితాకెక్కింది. ఈ రోజు దాదాపు 800 మంది ఆ పాత కట్టడాల్లో కాపురం ఉంటున్నారు. బడి ఉంది, కిరాణా కొట్టు ఉంది. స్వీడన్ కాలపు డ్రై డాక్‌లో, అంటే నీళ్ళు తోడేసి ఓడలు బాగుచేసే గోదిలో, ఇప్పటికీ చెక్క ఓడలు బాగుచేస్తారు. నేను వెళ్ళినప్పుడు అక్కడి తారు వాసన దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం, గోడల మరమ్మతుల్లో అక్కడి ఓపెన్ జైలు (కాపలా తక్కువగా ఉండే జైలు) ఖైదీలు కూడా పనిచేయడం. జీతానికే చేస్తారు. మీ వారికి ఆ గోడలు దగ్గరగా చూపించండి.

రేవు నుంచి దక్షిణం కొసన ఉన్న రాజద్వారం (కింగ్స్ గేట్) దాకా సుమారు కిలోమీటరున్నర. నిదానంగా నడవండి. వేసవిలో అక్కడి నుంచి కూడా నగరానికి పడవ ఉంటుంది, దానికి టికెట్ వేరు. వేళలు అబ్బాయిని ముందే చూసి పెట్టమనండి, వెనక్కి నడిచే శ్రమ తప్పుతుంది.