మొదటిసారి మెచ్చుకున్నవారు రెండోసారి ఎందుకు రారు?

"రెండేళ్లుగా మసాజ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. వచ్చినవారందరూ బాగుందనే వెళ్తున్నారు, మళ్లీ మాత్రం రావడం లేదు. రాయితీ పెట్టమంటారా?" అని అడిగారు. పెట్టకండి. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీ ఒకప్పుడు నేనూ పెట్టాను. నాలుగో సిట్టింగు కాగానే కొందరు మొహం చాటేశారు. మిగిలిన ఆరింటి డబ్బు తిరిగి ఇవ్వాలో వద్దో తేలక నిద్ర పట్టేది కాదు నాకు.

అసలు ఆ 'బాగుంది' అనే మాటను నమ్మడం మానేయండి. గంటసేపు మన చేతుల కింద పడుకుని లేచిన మనిషి మొహం మీద బాగాలేదని ఎలా అంటారు? నాకు ఈ సంగతి పనిలోకి వచ్చిన మూడో ఏడు గాని తెలియలేదు.

దర్జీ పని చేసే ఒకావిడ వచ్చారు. కుడివైపు మెడ పట్టేసిందన్నారు. నేను శిక్షణలో నేర్పిన వరుస తప్పకుండా పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, నడుము, వీపు అన్నీ శ్రద్ధగా చేసుకుంటూ చివరి ఐదు నిమిషాల్లో మెడ దగ్గరకు చేరాను. అది చాలదన్నట్టు, మా ఇంటి పైకప్పు కారుతున్న గొడవంతా ఆ గంటలోనే ఆవిడకు వినిపించాను. "చాలా బాగుందండీ" అని వెళ్లిపోయారు. మళ్లీ కనిపించలేదు.

నాలుగు నెలల తర్వాత వచ్చారు, అదీ చెల్లెలికి తోడుగా. ఎందుకు రాలేదో చెప్పమని పట్టుబట్టాను. "ఏమీ అనుకోకండమ్మా, నేను మెడ అన్నాను, మీరు కాళ్లు పట్టారు" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ పైకప్పు బాగుచేయించారా?" అని అడిగారు.

సిగ్గుతో తల వంచుకుని ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి, మిషను ముందు ఎలా కూర్చుంటారో చూపించమన్నాను. గాలిలోనే గుడ్డ తోయడం మొదలుపెట్టారు. చూస్తుండగానే కుడి భుజం మెల్లగా చెవి దాకా లేచింది, ఆవిడకు ఆ సంగతే తెలియదు. తల కుడివైపు తిప్పమన్నాను. అటు గోడకు గడియారం ఉంది. "అంచు కనిపిస్తోంది, ముళ్లు కనిపించడం లేదు" అన్నారు.

రెక్క ఎముక పైమూల నుంచి మెడలోని పై 4 వెన్నుపూసల దాకా ఒక కండరం ఉంటుంది. భుజాన్ని పైకి లాగే పనిలో దానిదే పెద్ద చెయ్యి. అందరూ 'నరం పట్టేసింది' అంటారే, అది చాలాసార్లు ఇదే. ఆ పైమూల మీద వేలు పెట్టగానే ఆవిడ ఊపిరి బిగబట్టారు. ముంజేతిని అక్కడ ఆనించి, మెల్లగా బరువు వేసి, ఊపిరి వదిలేవరకు కదలకుండా ఉన్నాను. నొప్పి పదికి ఎంత అని అడుగుతూ ఆరు దాటనివ్వలేదు. పావుగంటయ్యాక మళ్లీ తల తిప్పించాను.

"నాలుగున్నర అవుతోంది" అన్నారు.

ఆ సాయంత్రం కార్డు తీసి 'కుడి మెడ, గడియారం, పైకప్పు మాట ఎత్తకూడదు' అని రాసుకున్నాను. అప్పటినుంచి ప్రతి మనిషికీ ఒక కార్డు. తర్వాతి మనిషి బల్ల ఎక్కకముందే రాసేయాలి, రాత్రికి రాద్దామనుకుంటే ఎవరి భుజం ఎవరిదో కలిసిపోతుంది. పని మొదలుపెట్టేముందు ఏదో ఒక కదలిక చేయించి చూడండి, అయ్యాక అదే మళ్లీ చేయించండి. తేడా మీరు చెప్పనక్కర్లేదు, వారికే తెలుస్తుంది. వెళ్లేటప్పుడు 'వీలు చూసుకుని రండి' అనకండి, ఆ వీలు ఎవరికీ చిక్కదు. 'మూడు వారాలకు రండి, ఈ భుజం మళ్లీ చూడాలి' అనండి.

ఇంకొకటి, విషాలు బయటికి పోతాయని, లాక్టిక్ ఆమ్లం కరిగిపోతుందని చెప్పేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరకే ఆ ఆమ్లాన్ని ఒళ్లు తనంతట తానే సర్దేసుకుంటుంది, మన చేయి పడేసరికి అక్కడ ఏమీ మిగలదు. ఆ జలపాతం చప్పుళ్ల సంగీతం కూడా ఆపేయండి, సగం మందికి మధ్యలో బాత్‌రూము గుర్తొస్తుంది.

పని ఒప్పుకోకూడని రోజులూ ఉంటాయి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. దాన్ని ముట్టుకోకండి, ఆ పూటే డాక్టరు దగ్గరకు పంపండి. అలా పంపినందుకు ఆ గంట డబ్బు పోతుంది. నేను పంపినవారిలో ఒకాయన ఇప్పుడు తన ఇంటిల్లిపాదినీ నా దగ్గరకే తీసుకొస్తున్నారు.

ఇక దర్జీ ఆవిడ. పదకొండేళ్లుగా వస్తున్నారు. నమస్కారం కన్నా ముందు కుడివైపు తిరిగి టైము చెబుతారు, దాన్నిబట్టి ఆ రోజు ఎంత పని ఉందో నాకు తెలిసిపోతుంది. పోయిన నెల గోడలకు రంగులు వేయించి గడియారాన్ని ఎదురుగోడకు మార్చాను. ఆవిడ వచ్చి, కుడివైపు తిరిగి, ఖాళీ గోడను చూసి నన్ను చెడామడా తిట్టారు. మర్నాడే పాత మేకుకు తగిలించేశాను.