బ్రేకు వేసినప్పుడు ముందువైపు ‘టక్’: లోయర్ ఆర్మ్ బుష్‌లు పరీక్షించడం, మార్చడం

మీ కారు పదిహేనేళ్లది, ముందు షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేయించినా బ్రేకు వేస్తే చప్పుడు, స్టీరింగు లాగడం పోలేదన్నారు. షాకులు పోతే బండి ఊగుతుంది, గతుకుల మీద టైరు గెంతుతుంది. బ్రేకు నొక్కగానే ఒక ‘టక్’, మళ్లీ ముందుకు కదలగానే ఇంకో ‘టక్’ అంటే మాత్రం నేను మొదట చూసేది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయిలాంటి భాగం) వెనక బుష్, అంటే లోపలొకటి బయటొకటి ఉండే గొట్టాల మధ్య రబ్బరున్న కీలు. బ్రేకు పడినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకొస్తుంది. దాన్ని పట్టి ఉంచాల్సింది ఆ రబ్బరే. అది చిరిగితే ఆర్మ్ జరుగుతుంది, చక్రం కోణం మారుతుంది, బండి ఒక పక్కకి పోతుంది. చిన్న చిన్న గతుకులకే గలగలమంటూ బ్రేకుతో సంబంధం లేకుండా వచ్చే చప్పుడైతే ముందు స్టెబిలైజర్ లింకులు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపుకి కలిపే చిన్న కడ్డీలు) చూడండి.

చదునైన చోట ఒకరిని నడపమని, నడక వేగంలో ముందుకు, వెనక్కి పోనిస్తూ బ్రేకు వేయించండి. మీరు పక్కన, దూరంగా నిలబడి చక్రాన్ని చూడండి. చక్రం ఫెండర్ లోపల స్పష్టంగా ముందుకీ వెనక్కీ జరిగితే అనుమానం బలపడినట్టే. తర్వాత బండిని స్టాండ్ల మీద పెట్టి, ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ (ఆర్మ్ బిగించి ఉండే కింది చట్రం) మధ్య పొడవాటి రాడ్డుతో మీటి చూడాలి (జాకీని నమ్ముకుని కిందకి దూరొద్దు). రబ్బరు కాస్త సాగడం మామూలే. ఇనుముకి ఇనుము తగిలితేనో, రబ్బరు లోపలి గొట్టం నుంచి ఊడి వచ్చేస్తేనో మార్చాల్సిందే. పైపైన సన్నని పగుళ్లు లెక్కలోకి రావు. కొన్ని బుష్‌లలో కంపెనీయే ఖాళీలు వదులుతుంది. అవి నున్నటి అంచులతో ఉంటాయి, చిరుగనుకోవద్దు. ఆయిల్ నింపిన రకమైతే బయట నల్లటి తడి కనిపించిందంటే దాని పని అయిపోయింది.

బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) కూడా లూజై, అది ఆర్మ్‌తో కలిపి వచ్చే రకమైతే విడి బుష్‌ల జోలికి పోకుండా మొత్తం ఆర్మే వేయండి. రెండు వైపులా ఒకేసారి మార్చడం మంచిది.

బండి ఎత్తకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. ఎందుకో కిందే తెలుస్తుంది. ఆర్మ్ విప్పాక పాత బుష్ ఏ దిక్కున ఉందో, ఎంత లోతున కూర్చుందో ఆర్మ్ మీద గీత గీయండి. ఖాళీలున్న బుష్‌ని అడ్డదిడ్డంగా వేస్తే ఎటు గట్టిగా ఉండాలో అటు మెత్తబడుతుంది. ప్రెస్ (బుష్‌ని నొక్కి ఎక్కించే యంత్రం) లేకపోతే లావు బోల్టు, వాషర్లు, సరైన సైజు గొట్టం పెట్టి లాగవచ్చు. కానీ బలం బుష్ బయటి ఇనుప గొట్టం మీదే పడాలి. లోపలి గొట్టం మీద నొక్కితే కొత్త రబ్బరు అక్కడే చిరుగుతుంది. జారడానికి సబ్బు నీళ్లు చాలు. మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరుని ఉబ్బించి పాడు చేస్తాయి.

ఎక్కువమంది తప్పు చేసేది చివరి బిగింపులో. రబ్బరు రెండు గొట్టాలకీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి దించగానే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది. ఇక ప్రతి గతుకూ దాన్ని మరింత తిప్పుతుంది, కొత్త బుష్ తొందరగా చిరిగిపోతుంది. కాబట్టి ముందు బోల్టులు చేత్తో ఎక్కించి వదలండి. తర్వాత చక్రాలు ర్యాంపుల మీద ఆనేలా దించండి, లేదా ఆర్మ్ చివర జాకీతో నెమ్మదిగా లేపి ఇందాకటి కొలతకి తెచ్చి (బాడీ స్టాండ్ మీద నుంచి లేవకుండా చూసుకుంటూ), అప్పుడు మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌తో (బోల్టు తిప్పాల్సిన బలం) బిగించండి. ఒకసారి వాడి పారేయాలని మాన్యువల్ చెప్పే బోల్టులుంటే కొత్తవే వేయండి.

పాలీయురెథేన్ రకంలో చాలావాటికి లోపలి గొట్టం స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి ఈ మెలిక బాధ ఉండదు. అయితే వాటితో ఇచ్చిన గ్రీజే పూయాలి, లేకపోతే కిర్రుమంటాయి, పైగా రోడ్డు అదురు లోపలికి ఎక్కువగా తెలుస్తుంది. రోజూ తిరిగే బండికి నేను రబ్బరువే వేయమంటాను.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కొద్ది రోజులు నడిపాక బోల్టులు ఇంకోసారి చూసేటప్పుడు కూడా బండి బరువు చక్రాల మీదే ఉండాలి.